గట్టెక్కాను: ధవళేశ్వరం నుంచి కోనసీమలోని పి.గన్నవరం దాకా కాలువ వెంట సైకిల్ మీద

2024 జూలై 6, శనివారం. ఉదయం ఆరుంబావుకు హైదరాబాద్‌లో మా కాలనీ దాటి మెయిన్ రోడ్డెక్కాను. వెనక నుంచి వచ్చిన కారు పక్క అద్దం నా కుడి మోచేతికి కొట్టింది. ఎడమ పక్కకు పడ్డాను. కారు ఆగలేదు. పాల బూత్ అబ్బాయి పరిగెత్తుకొచ్చి ముందు నన్ను, తర్వాత నా సైకిల్‌ని పక్కకు లాగాడు. ఎడమ కాలర్ బోన్ విరిగింది.

2025 జనవరి 26, ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆత్రేయపురం దగ్గర మా బాబాయి ఇంటి ముందు అదే సైకిల్ దిగాను. మూడు రోజుల్లో 104 కిలోమీటర్లు, చాలా వరకు కాలువ గట్ల మీదే తొక్కాను.

ఈ రెండు తేదీల మధ్య జరిగింది రాస్తున్నాను. బయల్దేరే ముందు నేనూ చాలా వెతికాను. కోనసీమ కాలువల ఫొటోలు ఎన్నో దొరికాయి. ఏ గట్టు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఒక ఆడమనిషి ఒంటరిగా వెళ్తే ఎలా ఉంటుంది, ఎంత ఖర్చవుతుంది, ఇవి మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఎముక సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లో ఉంది. ఆ తర్వాత ఫిజియోథెరపీకి పద్నాలుగు సార్లు వెళ్ళాను, ఒక్కోసారికి 500 రూపాయలు. ఎక్స్‌రేలు, డాక్టర్ ఫీజులు, మందులు అన్నీ కలిపి పదమూడు వేలు దాటింది. సెప్టెంబర్ ఆఖరుకి చెయ్యి పూర్తిగా పైకి లేచింది. ఇక సైకిల్ తొక్కొచ్చని డాక్టర్ చెప్పారు.

తొక్కలేకపోయాను. అక్టోబర్‌లో రెండుసార్లు సైకిల్ తీసుకుని కాలనీ గేటు దాకా వెళ్ళాను. వెనక హారన్ వినబడగానే రెండు భుజాలూ చెవుల దాకా బిగుసుకుపోయేవి. హ్యాండిల్ మీద చేతులు వణికేవి. గేటు దగ్గరే తిప్పుకుని ఇంటికొచ్చేసేదాన్ని. మావారు ఏమీ అనలేదు. కానీ బాల్కనీలో దుమ్ము పట్టిన సైకిల్‌ని చూసినప్పుడల్లా నా గుండె బరువెక్కేది. పదకొండేళ్ళుగా పొద్దున్నే సైకిల్ తొక్కుతున్నాను. నాకున్న ఒకే ఒక్క సొంత సమయం అది.

నవంబర్ 3, ఆదివారం నుంచి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద కట్టిన సైకిల్ ట్రాక్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. 2023 అక్టోబర్‌లో తెరిచారు దాన్ని. మొత్తం 23 కిలోమీటర్లు, రెండు పాయలుగా ఉంటుంది. నేను నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్ళే పాయలో తొక్కేదాన్ని. ముందు చక్రం విప్పి సైకిల్‌ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి మావారు దింపేవారు. అక్కడ వాహనం మన దారిలోకి రాదు, ఆ ధైర్యం నిజంగా ఉంటుంది. ఎనిమిది ఆదివారాలు వెళ్ళాను. కాళ్ళకు బలం తిరిగొచ్చింది. కానీ పక్కనే కార్లు దూసుకుపోయే చప్పుడు ఆగదు. ఆ చప్పుడుకి నా భుజాలు బిగుసుకోవడమూ ఆగలేదు.

డిసెంబర్‌లో బాబాయి ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పాను. ఆయన కొంచెంసేపు విని, "మనూరు రావే. కాలవ గట్టెంట తొక్కుకో. పొద్దున్నపూట గేదెలు తప్ప నీకెవరెదురొస్తారు?" అన్నాడు. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి ఆఖరి వారం అనుకున్నాం. సార్వా, అంటే వానాకాలం పంట, ధాన్యం రోడ్ల మీద ఆరబోసే రోజులు అప్పటికి అయిపోతాయి, దాళ్వా, అంటే రెండో పంట, నాట్లకు కాలువల్లో నీళ్ళు నిండుగా ఉంటాయి, ఎండా తక్కువ. ఈ లెక్కంతా బాబాయిదే. నవంబర్, డిసెంబర్ నెలల్లో వస్తే చాలా చోట్ల సగం రోడ్డు ధాన్యం రాశులే ఆక్రమిస్తాయట.

నా సైకిల్ హైబ్రిడ్, అంటే తారు రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చే రకం. 35 మిల్లీమీటర్ల టైర్లున్నాయి. సన్న టైర్ల రోడ్డు సైకిల్‌తో ఈ గట్ల మీదికి వెళ్ళొద్దని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, చేతిపంపు సర్దుకున్నాను. హ్యాండిల్‌కి ఒక చిన్న అద్దం బిగించుకున్నాను, 340 రూపాయలు. ఈ ప్రయాణంలో పెట్టిన ఖర్చులన్నిట్లో నాకు ఎక్కువ మేలు చేసింది ఆ అద్దమే. వెనక ఏముందో చూడగలిగితే భయం సగం తగ్గుతుంది.

జనవరి 23, గురువారం రాత్రి ప్రైవేటు బస్సు. టికెట్ 950. సైకిల్‌కి నాలుగు వందలని ఫోన్‌లో చెప్పారు, ఎక్కేచోట ఎనిమిది వందలు అడిగారు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను. పదింపావుకు రావాల్సిన బస్సు పదకొండూ అయిదుకి వచ్చింది. డిక్కీలో సైకిల్‌ని సూట్‌కేసుల పక్కన నిలబెట్టమన్నాను, సరేనన్నారు. పొద్దున 6:40కి రాజమండ్రిలో దింపేసరికి సైకిల్ అడుగున ఉంది, దాని మీద మూడు బస్తాలున్నాయి. వెనక గేరు తగిలించే కొక్కెం వంగిపోయింది. గొలుసు పెద్ద పళ్ళ చక్రం మీదికి ఎక్కడం లేదు.

అక్కడ రోడ్డు పక్కన నిలబడి ఏడ్చేశాను. ఆర్నెల్లు ఎదురుచూసిన రోజు అది.

గేర్ల సైకిళ్ళు బాగుచేసే షాపు పదిన్నరకు గానీ తెరవలేదు. దాదాపు నాలుగు గంటలు కాఫీలు తాగుతూ కూర్చున్నాను. షాపులో పెద్దాయన కొక్కేన్ని మెల్లగా వంచి సరిచేశారు. 250 తీసుకున్నారు. "ఇది మళ్ళీ వంచితే విరుగుద్దమ్మా, ఇంకోటి దగ్గరుంచుకోండి" అన్నారు. మీరు బస్సులో సైకిల్ తీసుకెళ్తుంటే ఆ చిన్న కొక్కెం అదనంగా ఒకటి కొని ఉంచుకోండి. ఒక్కో సైకిల్‌కి ఒక్కో రకం ఉంటుంది కాబట్టి మీ సైకిల్ కొన్నచోటే అడగండి. అట్టపెట్టెలో కట్టి తీసుకెళ్ళడం ఇంకా మంచిది.

రాజమండ్రి ఊరి రద్దీలో తొక్కే ధైర్యం నాకు లేదు. గూడ్స్ ఆటో మాట్లాడుకుని సైకిల్‌తో సహా ధవళేశ్వరం దాకా వెళ్ళాను. 400 రూపాయలు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నాలుగు పాయలుగా ఉంటుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఇక్కడ ఆనకట్ట పూర్తి చేయించాడు. ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ, మొత్తం 175 గేట్లు. బొబ్బర్లంక చేరాలంటే ధవళేశ్వరం పాయనీ ర్యాలి పాయనీ దాటాలి. ఈ మూడు రోజుల్లో నాకు బాగా కష్టమైంది ఇదే. బ్యారేజీ మీద రోడ్డు ఇరుకు. కార్లు, బైకులు రెండు వైపుల నుంచీ వస్తుంటాయి, పక్కకు జరగడానికి చోటుండదు. నది మీద గాలి అడ్డంగా కొడుతుంది. పది గేట్లు దాటేసరికి వెనక హారన్ మోగింది, నా భుజాలు మళ్ళీ బిగుసుకున్నాయి. దిగిపోయాను. మిగతాదంతా గోడ వారగా సైకిల్‌ని నడిపించుకుంటూ వెళ్ళాను. ముప్పావు గంట పట్టింది. తెల్లవారగానే వచ్చి ఉంటే ఇంత రద్దీ ఉండేది కాదని బాబాయి తర్వాత చెప్పాడు.

బొబ్బర్లంకలో హెడ్ స్లూయిజు దగ్గర బాబాయి టీవీఎస్ మీద కాచుకుని ఉన్నాడు. మధ్య డెల్టాకు, అంటే కోనసీమంతటికీ నీళ్ళు వెళ్ళేది ఇక్కణ్ణుంచే. గేట్ల కింద నుంచి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ వచ్చి, కాస్త దూరం పోగానే సద్దుమణిగి, ప్రధాన కాలువగా నిండుగా సాగిపోతాయి. "నేను ముందెళ్తాను, నువ్వు నిదానంగా రా. బస్సెళ్ళే గట్టొద్దు, అవతలి గట్టెక్కు" అన్నాడు.

ఆ ఒక్క మాట తెలిస్తే సగం ప్రయాణం తెలిసినట్టే. ప్రతి కాలువకూ రెండు గట్లుంటాయి. ఒక గట్టు మీద బస్సులు, ఆటోలు తిరిగే తారు రోడ్డు ఉంటుంది. రెండో గట్టు మీద సన్నటి దారి ఉంటుంది, కొన్నిచోట్ల సిమెంటు, కొన్నిచోట్ల కంకర, చాలాచోట్ల ఉత్త మట్టి. ఫోన్ మ్యాప్ ఎప్పుడూ మొదటి గట్టే చూపిస్తుంది. రెండో గట్టుని మన కళ్ళతో చూసి, వంతెన దాటి పట్టుకోవాలి. కొన్ని కిలోమీటర్లు పోయాక ఈ గట్టు మీదికి రోడ్డొస్తుంది, అప్పుడు మళ్ళీ వంతెన దాటి అటు మారాలి. మొదటి రోజు నేను మూడుసార్లు గట్టు మారాను.

అవతలి గట్టెక్కి పది నిమిషాలు తొక్కాక ఒక సంగతి గమనించాను. నేను వెనక్కి వినడం మానేశాను. ఆర్నెల్లుగా నా చెవులు రెండూ వెనకే ఉన్నాయి. ఇప్పుడు ఎదురుగా ఉన్నవి వినిపిస్తున్నాయి. రేవులో బట్టలు ఉతికే చప్పుడు, చేలో నాట్లు వేసేవాళ్ళ కబుర్లు, కొబ్బరాకులు ఒకదాన్నొకటి రాసుకునే సర్రుమనే శబ్దం. ఒక లకుముకిపిట్ట తీగ మీద నుంచి నీళ్ళలోకి దూకి పైకొచ్చింది. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. విరిగిన చోట చేత్తో తడుముకున్నాను, ఎముక కాస్త ఎత్తుగా తగిలింది. నొప్పి లేదు.

ఇక్కడ గేర్ల అవసరం దాదాపు లేదు. ఈ కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాకుండా పడవలు తిరగడానికి కూడా తవ్వినవి. అందుకే వాలు కనబడనంత తక్కువ. నీటి మట్టం దిగాల్సిన చోట లాకులు, అంటే పడవల్ని పై మట్టం నుంచి కింది మట్టానికి దించే గేట్లు, కట్టారు. ఒకప్పుడు కాకినాడలో పడవెక్కితే ఏలూరు కాలువ మీదుగా కృష్ణా కాలువల్లోకి, అక్కణ్ణుంచి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా పోయేవారు. మా తాతయ్య చిన్నప్పుడు రాజమండ్రి వెళ్ళింది పడవలోనే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారని చెప్పేవాడు. నేను తొక్కుతున్నది వాళ్ళు నడిచిన దారే అని తోచినప్పుడు ఒళ్ళు పులకరించింది.

మూడున్నరకు ఇంటికి చేరాను. ఆ రోజు 17 కిలోమీటర్లే. పిన్ని వేడి అన్నంలో గోంగూర కలిపి పెట్టింది.

జనవరి 25, శనివారం. అయిదున్నరకే లేచి తయారయ్యాను గానీ బయట మంచు. అవతలి గట్టు కాదు కదా, కాలువే కనబడటం లేదు. బాబాయి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఎనిమిదిదాకా కదిలేది లేదు" అన్నాడు. ఆయన పట్టుదల సరైనదే. గట్టుకి పిట్టగోడ ఉండదు. దారి అంచు ఎక్కడ అయిపోతుందో, నీళ్ళెక్కడ మొదలవుతాయో మంచులో తెలియదు. జనవరిలో వస్తే పొద్దున్న రెండు గంటలు మంచుకి వదిలేయాల్సిందేనని ముందే లెక్కేసుకోండి. ఎనిమిదీ పదికి బయల్దేరాను.

శనివారం ఎంచుకోవడం నా పొరపాటు. వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాల మొక్కు ఉన్న జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. లొల్ల వైపు వెళ్ళే తారు రోడ్డు కార్లతో, బస్సులతో నిండిపోయింది. అవతలి గట్టు మీద ఉన్నా ఆ హారన్లు నీళ్ళ మీదుగా వినిపిస్తూనే ఉన్నాయి. ఈ వైపు తొక్కాలనుకుంటే శనివారం వదిలేయండి.

లొల్ల లాకుల దగ్గర ప్రధాన కాలువ చీలి, కోనసీమలోకి వేర్వేరు కాలువలుగా వెళ్తుంది. చెట్ల నీడ, పాత రాతి కట్టడం, గేట్ల మీద నుంచి దూకే నీళ్ళు. అక్కడ అరగంట కూర్చున్నాను. లస్కరు, అంటే కాలువనీ గేట్లనీ చూసుకునే పనివాడు, ఒకాయన గేట్ల దగ్గర గుర్రపుడెక్క లాగి పారేస్తున్నాడు. నన్ను చూసి, "ఎక్కణ్ణుంచండీ తమరు? ఒక్కరే వచ్చేసారా?" అని అడిగాడు. గన్నవరం దాకా వెళ్తున్నానన్నాను. కర్రతో నేల మీద గీసి చూపించాడు, ఏ వంతెన దాకా ఏ గట్టు బాగుంటుందో, ఎక్కడ ముళ్ళకంప ఉందో. నా ఫోన్‌లో ఉన్న మ్యాప్ కంటే ఆ గీత ఎక్కువ పనికొచ్చింది. మీరెళ్ళినా లస్కర్లని అడగండి. రోజూ ఈ గట్ల మీద తిరిగేది వాళ్ళే.

లొల్ల దాటాక గంటన్నర పాటు నాకు ఎదురైన వాహనాలు నాలుగు: రెండు బైకులు, ఒక కొబ్బరికాయల ఆటో, ఒక ట్రాక్టరు.

ఆ ట్రాక్టరు గురించి చెప్పాలి. వెనక నుంచి వచ్చింది, పాటలు గట్టిగా పెట్టుకుని. అద్దంలో చూశాను, గట్టు వెడల్పంతా అదే ఉంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో చేలు. కాళ్ళు ఆగిపోయాయి. దిగి, సైకిల్‌ని గడ్డిలోకి లాగి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. పాట ఆగిపోయింది. ఇంజను చప్పుడూ ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే ట్రాక్టరు ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఉంది. నడిపే అబ్బాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో. "భయపడకండమ్మా. ముందు వంతెన కాడ జాగా ఉంది. అందాకా మీరెళ్ళండి, తరవాత నేనొత్తాను" అన్నాడు. నేను వంతెన చేరేదాకా అతను ఇంజను వేయలేదు. అక్కడ పక్కకు నిలబడితే నెమ్మదిగా దాటి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. వంతెన గోడ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. రాజమండ్రిలో ఏడ్చిన ఏడుపు కాదది.

ఇక గట్ల మీద నిజంగా ఉండే చిక్కులు. కారు రాదు, నిజమే. కానీ గేదెలు కడతారు. గుంజ ఒక పక్క, గేదె ఇంకో పక్క, మధ్యలో పలుపుతాడు దారికి అడ్డంగా ఉంటుంది. ఎండిన గడ్డిలో కలిసిపోయి దగ్గరకొచ్చేదాకా కనబడదు. రెండుసార్లు చివరి క్షణంలో బ్రేక్ వేశాను. కొన్నిచోట్ల గట్టు మీదే ఇళ్ళున్నాయి, దారి వాకిళ్ళ మధ్య నుంచి పోతుంది, అక్కడ దిగి నడవడం మర్యాద. వీధికుక్కలు తొక్కితే తరుముతాయి, దిగి నడిస్తే ఊరుకుంటాయి. ఊళ్ళ చివర చెత్తంతా కాలువ అంచునే పోస్తున్నారు. కొన్ని వంతెనల దగ్గర వాసనకి ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఇంత అందమైన నీళ్ళని అలా చూస్తే నాకు బాధ కలిగింది.

ముళ్ళకంప గురించి లస్కరు చెప్పినా, ఒక గట్టు మారడం మరిచిపోయి అందులోకే వెళ్ళాను. ముందు చక్రం పంక్చర్. ట్యూబు మార్చుకున్నాను. అరగంట తర్వాత వెనక చక్రం. రెండో ట్యూబు వాల్వ్ దగ్గర చిరిగి ఉంది, ఇంట్లో చూసుకోలేదు. కిలోమీటరున్నర నడిచి ఒక సైకిల్ షాపు పట్టుకున్నాను. ముసలాయన ప్యాచ్ చక్కగా వేశాడు, నలభై రూపాయలు. కానీ నా ట్యూబుకి ఉన్న సన్న వాల్వ్‌కి ఆయన పంపు పట్టలేదు. ఆ రకం ఆయన దగ్గరికి ఎప్పుడూ రాలేదట. నా చేతిపంపుతో ఇద్దరం వంతులేసుకుని ఇరవై నిమిషాలు గాలి కొట్టాం. సన్న వాల్వ్‌ని మామూలు స్కూటర్ వాల్వ్‌లా మార్చే ఇత్తడి ముక్క ఒకటి అమ్ముతారు, యాభై, అరవై రూపాయలుంటుంది. అది జేబులో ఉంటే ఈ ఇబ్బంది ఉండదు.

హైవే దగ్గర దిగి, నడిపించుకుంటూ దాటి, అవతలి గట్టు పట్టుకోవడానికి పావుగంట పట్టింది. రావులపాలెంలో పెసరట్టు ఉప్మా తిన్నాను, 50 రూపాయలు. బాత్రూమ్ కోసం పెట్రోల్ బంకు వాడుకున్నాను. ఆడవాళ్ళు ముందే ఆలోచించుకోవాల్సిన విషయం ఇది. గట్ల మీద ఎక్కడా ఏ సదుపాయమూ ఉండదు. అయితే రేవుల దగ్గర ఆడవాళ్ళు పలకరించి, నీళ్ళిచ్చి, అడగకముందే "మా ఇంటికి రండమ్మా" అన్నారు. ఒకావిడ ఇంటికి వెళ్ళాను కూడా. ఉడికించిన తేగలు నాలుగు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది, డబ్బు తీసుకోలేదు. "మీ ఆయన ఏడీ? పిల్లలెంతమంది?" అన్న ప్రశ్నలు ప్రతి ఊళ్ళోనూ వచ్చాయి. కుతూహలంతో అడిగినవే, నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. గంటకోసారి నేనెక్కడున్నానో మావారికి ఫోన్‌లో పంపించాను. సాయంత్రం అయిదు తర్వాత తొక్కకూడదని ముందే అనుకున్నాను.

నాలుగుకి పది నిమిషాలు తక్కువగా పి.గన్నవరం చేరాను. 41 కిలోమీటర్లు. ఆ చివరి మలుపు కోసమే ఇంత దూరం వచ్చాను. ఇక్కడ కాలువ వైనతేయ నదిని దాటుతుంది, వంతెన మీద రోడ్డు దాటినట్టు. కింద గోదావరి పాయ, దాని మీదుగా కమానుల మీద పంట కాలువ. ఊళ్ళోవాళ్ళు అక్విడక్టు అనే అంటారు. పాతది కాటన్ కాలం నాటిది, 49 కమానులు. పక్కనే ఇప్పటి కొత్తది ఉంది, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్ళకు వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన ఆ తల్లిది ఇక్కడి లంకల గన్నవరమే. పాత కమానుల వైపు చూస్తూ నిలబడ్డాను. పొద్దున బొబ్బర్లంక వైపు నుంచి నాతోపాటే వచ్చిన నీళ్ళు నది మీదుగా నడిచి అవతలి లంకల్లోకి పోతున్నాయి. మా మేనత్త వెతుక్కుంటూ వచ్చి, "ఎంతసేపే, టీ చల్లారిపోతోంది" అని పిలిచేదాకా కదల్లేదు.

జనవరి 26. తొమ్మిదిన్నరకల్లా ఎండ చురుక్కుమంటుందని అత్తయ్య తొందరపెట్టింది. మంచు పల్చగా ఉంది, ఏడున్నరకు బయల్దేరాను. ఊరూరా బడి పిల్లలు జెండాలు పట్టుకుని వెళ్తున్నారు. తిరుగుప్రయాణంలో వీలైనంతవరకు నిన్న తొక్కని గట్టే పట్టుకున్నాను. ఒకచోట రెండు కిలోమీటర్లు వెళ్ళాక గట్టు తెగి, మధ్యలో పెద్ద పంటబోదె వచ్చింది. దాని మీద ఒక కొబ్బరి మొద్దు వేసి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు తల మీద గడ్డిమోపుతో దాని మీద నడిచి వెళ్తున్నారు. సైకిల్ ఎత్తుకుని దాటడం ఎడమ భుజానికి మంచిది కాదని వెనక్కి తిరిగాను. అందుకే ఆ రోజు 46 కిలోమీటర్లయింది. హైవే దగ్గర ఈసారి అయిదు నిమిషాల్లో దాటాను. వెనక హారన్ మోగింది. భుజాలు కొంచెం బిగుసుకున్నాయి, వెంటనే వదులయ్యాయి.

తిరుగు రైలు టికెట్ కాకుండా ఖర్చు చెప్తాను. వెళ్ళేటప్పుడు బస్సు 950, సైకిల్‌కి 800, గేరు రిపేరు 250, గూడ్స్ ఆటో 400, పంక్చర్ 40, దారిలో తిండికి, కొబ్బరిబొండాలకు సుమారు 500. ముందే కొన్న అద్దం 340. పడుకోవడానికి చుట్టాల ఇళ్ళున్నాయి కాబట్టి గది ఖర్చు లేదు. మీకు ఎవరూ లేకపోతే రావులపాలెంలో గానీ రాజమండ్రిలో గానీ లాడ్జి చూసుకుని, రోజూ ఒక కాలువ పట్టుకుని వెనక్కి రావడం నయం.

సైకిల్‌ని మళ్ళీ ఆ డిక్కీలో పడుకోబెట్టడానికి మనసొప్పలేదు. బాబాయి కొట్టంలో, ఎరువు బస్తాల పక్కన గోడకి ఆనించి వచ్చాను. నేను రైలెక్కేసరికే పిన్ని దాని మీద పాత చీర కప్పేసిందట.

హైదరాబాద్‌లో నేనింకా మెయిన్ రోడ్డు మీద తొక్కడం లేదు. తొక్కుతానో లేదో తెలియదు. నిన్న బాబాయి ఫోన్ చేశాడు. ఏప్రిల్‌లో దాళ్వా అయిపోగానే కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో గానీ నీళ్ళు వదలరు. "ఎండిన కాలవెంట ఏం తొక్కుతావే, ఈలోపే రా" అన్నాడు. మార్చి మొదటి వారానికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఈసారి శనివారం ఇంట్లోనే ఉంటాను. ఇత్తడి ముక్క కొన్నాను.